మేత్రాణుల వారికి ఒక ఉత్తరం

శుక్రవారం మధ్యాహ్నం ముఐథర్‌లో మా యింటి గంట మ్రోగిందంటే వచ్చినవారు రోగి అయినా అయివుండాలి, లేదా మన సమాజం చందా కోసం వచ్చిన కార్యవర్గ సభ్యులైనా అయివుండాలి. పోయిన చలికాలంలో ఒక శుక్రవారం వచ్చినవారు ఈ రెండూ కారు. ఆయన స్కూలు బస్సు నడుపుతారు. రాయలసీమ వాస్తవ్యులు, మాకంటె పదేళ్ళు పెద్ద. అబూ హమూర్‌లోని రోజరీ మాత దేవాలయంలో పూజ చూసుకుని అట్నుంచి అటే వచ్చారు. చేతిలో తెల్లకాగితాలు, కొత్త పెన్ను.

"సార్, మా మేత్రాణుల వారికి ఒక ఉత్తరం రాసిపెట్టాల" అన్నారు.

సంగతి ఏమిటంటే, ఆయన చెల్లెలికి పెళ్ళి కుదిరింది. పిల్లవాడు హిందువు. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పనిచేస్తారట. బాప్తిస్మం లేని వారితో కతోలికుల వివాహం దేవాలయంలో చెల్లాలంటే ఆ ప్రాంతపు మేత్రాణుల వారు మినహాయింపు ఇవ్వాలి. ఇది వారి చట్టంలో వున్న నిబంధనే. దరఖాస్తు విచారణ గురువుల ద్వారా వెళ్ళింది. తండ్రి లేని యింట్లో పెద్దకొడుకు గనుక, తన మాటగా కూడా ఒక ఉత్తరం వెళ్ళాలని ఆయన కోరిక. విషయం చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. వ్రాయడానికి మరో పది నిమిషాలు చాలుననుకున్నాము. కాని మొదటి పంక్తి దగ్గరే కలం ఆగిపోయింది. మేత్రాణుల వారిని ఏమని సంబోధించాలి?

మేము ఆ మతస్థులం కాము. "గౌరవనీయులైన బిషప్పు గారికి" అని వ్రాసి చూపించాము. ఆయన ముఖం చిన్నబోయింది. "గౌరవనీయులంటే ఎమ్మెల్యేకు గూడా అంటారు గద సార్" అన్నారు. ఆ మాట నిజమే. మన ఉగాది సభలో వేదిక మీద వున్న పదకొండు మందినీ గౌరవనీయులని పిలిచి ముగించేసరికి పచ్చడి పులిసిపోయిన సంగతి పాఠకులకు జ్ఞాపకం వుండే వుంటుంది. "మరి ఏమనాలి?" అని అడిగితే, వాళ్ళ వూరి దేవాలయంలో స్వాగత పత్రం చదివేటప్పుడు మహాఘన, మహాపూజ్య, పీఠాధిపతులు అని వరుసగా వుంటాయనీ, క్రమం తనకు సరిగా జ్ఞాపకం లేదనీ అన్నారు. ఉత్తరం వచ్చే శుక్రవారానికి వాయిదా పడింది. ఈ లోపల బిరుదుల సంగతి కాస్త చదివి తెలుసుకుందామని మేము కూర్చున్నాము. అలా చదివినదీ, ఆయనతో వాదించినదీ ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా 'మేత్రాణి' అన్న మాటే చూడండి. ఇది సంస్కృతమూ కాదు, అచ్చ తెలుగూ కాదు. మా క్లినిక్‌లో ఎక్స్‌రే తీసే లెబనాన్ మిత్రుడితో ఈ మాట అంటే ఆయన ఫిల్ము చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వాళ్ళ అరబ్బీలో బిషప్పును 'ముత్రాన్' అంటారట! గ్రీకులో 'మెట్రొపాలిటేస్' అంటే మహానగరానికి పెద్ద అయిన బిషప్పు. సిరియాక్ భాషవారు దానిని కుదించి 'మిత్రాన్' చేసుకున్నారు. అక్కడినుంచి ఒక శాఖ అరబ్బీలోకి వెళ్ళింది. మరో శాఖ సముద్రం దాటి మలబారులో 'మెత్రాన్' అయింది, తమిళనాట మేట్రాణియార్ అయింది, మన దగ్గర మేత్రాణులు అయింది. మనవాళ్ళు అంతటితో వూరుకోలేదు. దానికి సంస్కృతపు ఆసనం ఒకటి వేసి ఆయన పరిపాలించే ప్రాంతాన్ని 'మేత్రాసనం' అన్నారు. గ్రీకు, సిరియాక్, సంస్కృతం ముగ్గురూ ఒకే పీట మీద కూర్చున్న మాట తెలుగులో మరొకటి వుందేమో మాకు తెలియదు.

ఆ లెబనాన్ మిత్రుడే అరబ్బీ మర్యాదలు కూడా చెప్పాడు. బిషప్పును 'సియాదత్ అల్ ముత్రాన్' అనాలి. సయ్యిద్ అంటే ప్రభువు, సియాదా అంటే ఆ ప్రభుత్వం. కార్డినల్‌కు 'నియాఫా', పేట్రియార్కుకు 'గిబ్తా', పోపుగారికి 'ఖదాసా', అంటే పవిత్రత. ఒకరిది మరొకరికి వాడితే తప్పు. సిరియాక్ సంప్రదాయంలో పేరుకు ముందు 'మార్' అని చేరుస్తారు. దానికీ అర్థం 'నా ప్రభువు' అనే. కేరళ మిత్రుల నోట మార్ ఫలానా అని మనం రోజూ వింటూనే వుంటాము. ఇంగ్లీషువాళ్ళు 'మై లార్డ్' అన్నా, ఫ్రెంచివాళ్ళు 'మొన్‌సెన్యూర్' అన్నా చివరకు తేలేది అదే. గొర్రెల కాపరి అని చెప్పుకునే ఉద్యోగికి లోకమంతా ప్రభువు అనే పేరు పెట్టింది.

ఇటలీ చరిత్ర ఇంకా సరదాగా వుంది. పూర్వం కార్డినల్‌లను 'మహా ప్రసిద్ధులు' అన్న అర్థంలో 'ఇల్లుస్త్రిస్సిమి' అనేవారు. ఆ మాట అందరూ వాడుకోవడంతో విలువ పడిపోయింది. 1630లో ఎనిమిదవ ఉర్బన్ పోపుగారు కార్డినల్‌లకు 'ఎమినెన్స్', అంటే ఔన్నత్యం, అనే కొత్త బిరుదు ఏర్పాటుచేసి, వారికీ మరి కొద్దిమందికీ తప్ప ఇతరులకు వాడరాదన్నారు. వదిలివేసిన పాతది బిషప్పుల వాటాకు వచ్చింది. తరువాత రాయబారులూ మంత్రులూ 'ఎక్సలెన్సీ' అనిపించుకుంటూ వుంటే బిషప్పులకూ అది అంటుకుంది. చివరకు 1930 డిసెంబరు 31న రోమ్ దానినే ఖాయం చేసింది. బ్రిటిషు పాలన వున్న చోట్ల మాత్రం బిషప్పుకు 'లార్డ్‌షిప్', ఆర్చిబిషప్పుకు 'గ్రేస్' నిలిచిపోయాయి. మన దేశంలో ఇంగ్లీషు ఆహ్వానపత్రాల మీద ఈనాటికీ ఇవి కనిపిస్తాయి. నోట్లు ఎక్కువ అచ్చువేస్తే రూపాయి విలువ పడినట్లు బిరుదుల విలువ కూడా పడుతుంది కాబోలు. పడినప్పుడల్లా పైవారికి కొత్త నోటు అచ్చువేయవలసి వస్తుంది.

ఇక మన ఖతర్ సంగతి. ఇక్కడి కతోలికులకు బిషప్పు వున్నారు గాని 'ఖతర్ బిషప్పు' అనే బిరుదు కతోలికులలో లేదు. కువైట్, బహ్రెయిన్, ఖతర్, సౌదీ అరేబియా నాలుగూ కలిపి 2011 నుంచి ఉత్తర అరేబియా అపొస్తలిక వికారియత్. దాని పీఠం బహ్రెయిన్‌లో వుంది. అవాలీ అనే చోట అరేబియా మాత పేర కట్టిన పెద్ద దేవాలయాన్ని 2021 డిసెంబరులో ప్రతిష్ఠించారు. వికారు అంటే ప్రతినిధి. అసలు అధికారం పోపుగారిది, ఆయన తరఫున ఈయన చూస్తారు. అయితే బిషప్పు అన్నవారికి ఏదో ఒక వూరి పేరు వుండి తీరాలని నియమం. అందుకని ఎప్పుడో కనుమరుగైన ఒక పీఠం పేరు ఇస్తారు. 2020లో గతించిన కమిల్లో బల్లిన్ గారికి ఆర్నా అనే పీఠం. 2023లో వచ్చిన ఆల్దో బెరార్ది గారికీ అలాంటిదే మరొక పీఠం! ఆగస్టు నెలలో ఎండ యాభై డిగ్రీల దగ్గర వుండగా ఎక్కడిదో కనుమరుగైన పీఠం పేరు మోసుకుని తిరిగే ఈ ఏర్పాటు చదివి మేము చాలాసేపు నవ్వుకున్నాము. నవ్వుకోవడమే గాని, మన ప్రాంతం కూడా ఒకప్పుడు ఇదే స్థితిలో వుండేది. హైదరాబాదు 1851లో వికారియత్ అయింది, 1886లో గాని సొంత మేత్రాసనం కాలేదు. 1953లో అగ్రపీఠం అయింది.

వేరే సంప్రదాయంలో ఖతర్ పేరుగల బిరుదు ఒకటి వుంది, దాని మీద పెద్ద తగవే జరిగింది. 2013లో యెరూషలేము గ్రీకు ఆర్థొడాక్స్ పేట్రియార్కు ఖతర్‌కు ఒక ఆర్చిబిషప్పును నియమించారు. ఈ నేల మాది అని ఆంటియోకు పేట్రియార్కు అభ్యంతరం చెప్పారు. 2014లో ఆంటియోకువారు యెరూషలేముతో పూజా సంబంధమే తెంచుకున్నారు. తొమ్మిదేళ్ళ తరువాత గాని మళ్ళీ కలవలేదు. ఒక పేరు కోసం ఇంత దూరం!

ఇంతకూ ఈ ప్రాంతానికి బిషప్పులు కొత్త కాదు. ఏడవ శతాబ్దంలో ఇక్కడి తీరాన్ని సిరియాక్‌లో 'బేత్ కత్రాయే' అనేవారు, అంటే కతర్ వాళ్ళ ప్రదేశం. తూర్పు సంఘానికి ఇక్కడ చాలామంది మేత్రాణులు వుండేవారు. వారికీ పై అధికారి అయిన మూడవ ఈషోయబ్‌కూ పొసగక నడిచిన లేఖలు ఈనాటికీ వున్నాయి. అప్పుడూ తగవు పెద్దరికం గురించే. ఆ తగవు పరిష్కరించడానికి గివర్గిస్ అనే తరువాతి పెద్ద 676లో స్వయంగా వచ్చి సభ జరిపాడు.

ఆ గివర్గిసే ఇక్కడి బిడ్డ ఇసాకు అనే సన్యాసిని నీనెవె నగరానికి మేత్రాణిగా చేశాడు. అయిదు నెలలకే ఇసాకు పదవి వదిలి కొండల్లోకి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడనేదానికి ఒక కథ చెబుతారు. అప్పు ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ తగవు తీర్చమని వచ్చారట. కొంత గడువు ఇవ్వమని, సువార్తలో ఏముందో చూడమని ఇసాకు చెప్పాడట. ఇప్పుడు సువార్త మాట ఎత్తవద్దన్నాడట అప్పిచ్చినవాడు. సువార్త మాట ఎత్తకూడని చోట నాకేమి పని అని ఈయన లేచిపోయాడట. చదివి చదివి కళ్ళు పోగొట్టుకున్నాడనీ, చివర ఆయన చెబుతుంటే శిష్యులు వ్రాశారనీ అంటారు. అసలు కారణం ఏ కంటి జబ్బో వైద్యులుగా మాకు చెప్పాలని వుంది గాని పదమూడు వందల ఏళ్ళ తరువాత కేసు చూడడం కష్టం. వ్రాసినవి మాత్రం అన్ని సంఘాలవారూ ఈనాటికీ చదువుతున్నారు. 2024 నవంబరులో ఫ్రాన్సిస్ పోపుగారు ఆయన పేరును రోమను పునీతుల పట్టికలో చేర్పించారు. అబూ హమూర్ ఆవరణలోనే గ్రీకు ఆర్థొడాక్స్ వారి దేవాలయం ఇసాకు, జార్జి యిద్దరి పేర వున్నది.

ఇవన్నీ చదివిన మీదట మాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. బిరుదులు వదిలినవారే గొప్పవారు. దీనికి ఆధారం కూడా దొరికింది. రెండవ వాటికన్ మహాసభ ముగియడానికి మూడు వారాల ముందు, 1965 నవంబరు 16న, రోమ్‌లో దొమితిల్లా భూగర్భ సమాధుల దగ్గర సుమారు నలభై మంది మేత్రాణులు పూజ చేసి ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. సామాన్యులలాగా బ్రతుకుతామన్నారు. ఎమినెన్స్, ఎక్సలెన్సీ, మొన్‌సెన్యూర్ వంటి పేర్లతో పిలిపించుకోమన్నారు, తండ్రి అని పిలిస్తే చాలన్నారు. 1969లో వాటికన్ కూడా దుస్తులూ బిరుదులూ చిహ్నాలూ కొంత తగ్గించింది. మరీ పూర్వం, 600 ప్రాంతంలో, మొదటి గ్రెగరీ పోపుగారు తనను దేవుని సేవకులకు సేవకుడనని వ్రాసుకున్నారు. మన వైష్ణవుల 'దాసానుదాసుడు' వంటిదే అది.

మన దేశపు గాలి కూడా అటే వీచింది. బిరుదులు రద్దు చేస్తూ రాజ్యాంగంలో 18వ అధికరణం వున్నది. కోర్టుల్లో 'మై లార్డ్' బదులు 'యువర్ ఆనర్' అనవచ్చునని 2006లో బార్ కౌన్సిల్ నియమం చేసింది. రాష్ట్రపతికి 'హిజ్ ఎక్సలెన్సీ' వద్దని 2012లో ప్రణబ్ ముఖర్జీ గారు అన్నారు. ఇన్ని ఆధారాలు చేతిలో పెట్టుకుని మరుసటి శుక్రవారం మా మిత్రుల కోసం ఎదురుచూశాము. 'పూజ్యులైన తండ్రి గారికి' అన్న చిన్న సంబోధనతో ఉత్తరం సిద్ధంగా వుంచాము.

ఆయన వచ్చారు, టీ తాగారు, మా ఉపన్యాసం మొత్తం ఓపికగా విన్నారు. తరువాత రెండు మాటలు అన్నారు.

మొదటిది: "ఎవరినీ తండ్రి అనొద్దని గూడా సువార్తలోనే వుంది గద సార్. మత్తయి ఇరవైమూడులో. అట్ల జూస్తే తండ్రి గూడా తీసెయ్యాల." దీనికి మా దగ్గర సమాధానం లేకపోయింది.

రెండవది చెప్పడానికి ఆయన కొంత ఆలస్యం చేశారు. "మా నాయన డెబ్బై ఏండ్లు 'గాడు' గానే బతికి పాయ సార్. వూళ్ళో ఒక్కరు గూడా గారు అనల్యా. చిన్నపిల్లోళ్ళు గూడా ఒరే అని పిల్చేవాళ్ళు, నాయన అయ్యా అని పలికేవాడు. మీటింగు పెట్టుకుని బిరుదులొద్దనుకున్న ఆ పెద్దాయనలను చిన్నప్పుడు ఎవరన్నా ఒరే అన్నారా?"

మేము మాట్లాడలేదు. ఆయనే చెప్పుకుపోయారు. వాళ్ళ పేట దేవాలయానికి మేత్రాణుల వారు వచ్చినప్పుడు వూరి పెద్దలు కూడా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారట. వచ్చినాయన పుట్టుక ఏ పేటలోనో ఆ పెద్దలకు తెలుసునట. మైకులో మహాఘన, మహాపూజ్య అని చదువుతుంటే వాళ్ళూ చేతులు కట్టుకుని విన్నారట. "ఆ పొద్దు మా నాయన ముఖం చూడాల సార్. ఆ బిరుదులు ఆయనకు చదివినట్లే వుండ్యా."

పాఠకులకు తెలియనిది కాదు గాని ఒక మాట చెప్పాలి. మన తెలుగు కతోలికులలో దళితులు చాలా ఎక్కువ. మేత్రాణుల ఆసనం మీదకు మాత్రం వారు చాలా ఆలస్యంగా వచ్చారు. గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడి పొతకమూరి తోమాసు గారు మొదటి మేత్రాణులు అయినప్పుడే ఒక తెలుగు బిడ్డ ఆ ఆసనం మీద కూర్చోవడం పెద్ద విశేషం. మారంపూడి జోజి గారు 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యేవరకు దేశం మొత్తం మీద దళితులలోంచి ఒక ఆర్చిబిషప్పు లేరు. తరువాత పూల అంతోని గారు. ఇప్పటి నంద్యాల జిల్లాలోని చిందుకూరులో 1961లో పుట్టారు. మేము కర్నూలులో వైద్యం చదువుకునే రోజుల్లో ఆయన అక్కడ మేత్రాణులు. 2020లో హైదరాబాదుకు నియమితులయ్యారు. 2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను కార్డినల్ చేశారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితులలోనూ మొదటివారు. 2025 మే నెలలో కొత్త పోపును ఎన్నుకున్న 133 మందిలో ఆయన ఒకరు. ఆ రెండు రోజులూ మా మిత్రులు బస్సు ఆపినప్పుడల్లా ఫోనులో ఆ పొగగొట్టాన్నే చూస్తూ కూర్చున్నారట. కార్డినల్ అన్న మాటకు మూలం తలుపు తిరిగే బందు. మా శాస్త్రంలో మోచేతిని కూడా బందు కీలు అంటాము, అది లేకపోతే చెయ్యి ముడవదు. ఇంకొక తమాషా. రోమ్ పద్ధతిలో కార్డినల్ అన్న మాటను పేరుకూ యింటిపేరుకూ నడుమ పెడతారు, అంతోని కార్డినల్ పూల అన్నట్లు. మనకు యింటిపేరు ముందు వస్తుంది గనుక ఈ పద్ధతి మన నోటికి ఎంతకూ పట్టదు.

మళ్ళీ ఆ రోజు మాటకు వస్తాము. తెలుగులో 'గాడు'కూ 'గారు'కూ తేడా ఒక్క అక్షరం. ఇంగ్లీషులో రాజుకూ కూలికీ ఒకటే 'యూ' గదా అని మేము గొప్పగా చెప్పుకుంటూ వుంటాము. తెలుగులో నోరు తెరిస్తే చాలు, ఎదుటివాడు ఎక్కడివాడో నిర్ణయం చేసేస్తాము. మీరు, నువ్వు, ఒరే అన్న మూడు మెట్లలో ఒకదాని మీద నిలబెట్టకుండా మనిషితో మాట్లాడడం మనకు చేతకాదు. ఆ మెట్ల అడుగున నిలబడి వచ్చినవారికి, బిరుదులు వదులుకోవడమే గొప్ప అని మేము చెప్పబోయాము! వదులుకోవాలంటే ముందు వుండాలి గదా. నీనెవె ఇసాకుకు ముందు ఆసనం ఇచ్చారు, తరువాత ఆయన వదిలాడు. తాను వదిలితే వినయం. ఎదుటివాడు ఇవ్వకపోతే దానికి వేరే పేరు వుంది.

ఇదే సంగతి మాకు స్వయంగా కొంత తెలిసి వుండవలసింది. ఈ దేశం వచ్చిన కొత్తలో లైసెన్సు చేతికి రాకముందు పద్నాలుగు నెలలు మేము డాక్టరు కాము. ఒక చోట పనికి వెళితే చీటీ మీద వట్టి పేరు వ్రాసి, ఆ పేరును కూడా సగం విరిచి పిలిచేవారు. ఎం.బి.బి.యస్. పట్టా ట్రంకు పెట్టె అడుగున వుండేది. రోగం తెలుస్తూనే వున్నా చెప్పడానికి నోరు లేదు. ఆ రోజుల్లో ముఐథర్ పచారీ కొట్టులో ఒక తెలుగు కుర్రవాడు 'డాక్టరు గారూ' అని పిలిస్తే, కావలసిన ఉల్లిపాయలకు రెట్టింపు కొనుక్కుని యింటికి వచ్చాము. పద్నాలుగు నెలలు వట్టి పేరుతో వున్నందుకే మాకు అంత అయింది. డెబ్బై ఏళ్ళ సంగతి ఆయన చెబితే గాని మాకు తట్టలేదు.

మా మిత్రుల వాదం అంతా మేము ఒప్పుకున్నామని కాదు. బిరుదు వెనక దాక్కుని జవాబు చెప్పని పెద్దలు ఏ మతంలో లేరు? ఎక్సలెన్సీ అన్న మాట ఎదుట నిలబడి తప్పును తప్పు అనడం సామాన్యుడికి ఎంత కష్టమో ఈ మధ్య సంవత్సరాలలో కతోలిక సంఘంలో చాలా దేశాలలో బయటపడిన వ్యవహారాలు చెబుతూనే వున్నాయి. 65 ఏళ్ళు నిండని గురువులకు కొత్తగా మొన్‌సెన్యూర్ బిరుదు ఇవ్వవద్దని ఫ్రాన్సిస్ పోపుగారు 2014లో నియమం పెట్టారు. ఆ పని మంచిదే అని మా నమ్మకం. ఈ మాటే ఆయనతో అన్నాము. "మంచిదే సార్, వాళ్ళు వాళ్ళు మానుకుంటే మంచిదే. నేను ఉత్తరం రాస్తాండా, నేనెందుకు తగ్గించాల?" అన్నారు.

ఉత్తరం వ్రాశాము. 'మహాఘన, మహాపూజ్య పీఠాధిపతులు, మా మేత్రాణుల వారి సముఖమునకు' అని మొదలుపెట్టాము. క్రమం సరిగా వుందో లేదో ఇప్పటికీ మాకు ఖాయంగా తెలియదు. 'తమ పాదసేవకుడు' అని ముగిద్దామా అని అడిగితే ఆయన కాస్త ఆలోచించి, "వద్దు సార్, 'తమ విశ్వాసి' అని రాయండి చాలు" అన్నారు. సంతకం మాత్రం తానే చేశారు, యింటిపేరుతో సహా పూర్తిగా, పొట్టి అక్షరాలు ఒక్కటీ లేకుండా.

రెండు నెలలకు జవాబు వచ్చింది. కాగితం మీద కాదు, వాట్సాపులో. విచారణ గురువుల దగ్గర పనిచేసే కుర్రవాడు వాయిస్ మెసేజి పంపాడు: "అన్నా, మినహాయింపు వచ్చింది. తేదీ ఖాయం చేసుకోండి." అంతే. మా వారం రోజుల పరిశోధనకు ఫలితం ఏడు సెకన్లు.

పోయిన నెల పెళ్ళి కార్డు తెచ్చి ఇచ్చారు. మా పేరు ముందు డాక్టరు, వెనక గారు, ఆ వెనక బ్రాకెట్లో ముఐథర్, ఖతర్. లోపల వధువు తండ్రి పేరు పెద్ద అక్షరాలతో వుంది: ముందు 'కీర్తిశేషులు శ్రీ', చివర 'గారు'. మేత్రాణుల వారి ఆశీస్సులతో అన్న పంక్తిలో చోటు చాలక ప్రెస్సువాడు మహాఘన తీసేశాడట. అది పోయిన సంగతి మేమే ముందు గమనించి అడిగాము. "పర్వాలేదు సార్, ఆయనకు ఇంకొకటి వుంది గద" అని ఆయన తరువాతి యింటికి కార్డు ఇవ్వడానికి లేచారు.